మీడియా క్వెరీలు: తెలుగు సైట్లకు ఏళ్ళ తరబడి వాడాక

బెంగళూరులో తెలుగువాళ్ళకి చిన్న సైట్లు చేసి పెట్టేవాడి దగ్గరికి ఎలాంటి పనులు వస్తాయంటే: మారతహళ్ళిలో ఒక పీజీ, బీటీఎం లేఅవుట్‌లో ఒక ఆంధ్రా మెస్, ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్మే ఒక పిన్నిగారు. బడ్జెట్ తక్కువ, భాషలు మూడు, చూసేవాళ్ళు దాదాపు అందరూ ఫోన్లోనే. ఫోనుకొక సైటు, కంప్యూటర్‌కొక సైటు చేయించుకునే స్తోమత వాళ్ళకి ఉండదు. ఒకటే సైటు అన్నిట్లోనూ కుదరాలి. ఆ పనికి నేను వాడుతున్నది సీఎస్ఎస్ (పేజీ రూపురేఖలు చెప్పే భాష)లోని మీడియా క్వెరీలు. నా తీర్పు ముందే చెప్తాను: నమ్మదగ్గ పనిముట్టే. కానీ ట్యుటోరియల్స్‌లో చూపించింది చూపించినట్టే వాడితే తెలుగు సైటుకి సరిపోదు.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. స్క్రీన్ వెడల్పు ఇంత దాటితే ఈ స్టైల్స్ వెయ్యమని బ్రౌజర్‌కి షరతు పెట్టడమే మీడియా క్వెరీ. ఈథన్ మార్కాట్ 2010లో రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అనే మాటతో రాసిన వ్యాసంలో సాగే గ్రిడ్, సాగే బొమ్మలతో పాటు దీన్నీ చేర్చాక బాగా వాడుకలోకి వచ్చింది. 2012లో వెబ్ ప్రమాణాలు ఖరారు చేసే సంస్థ డబ్ల్యూ3సీ దీన్ని ప్రమాణం చేసింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8కి ఇది అర్థమయ్యేది కాదు, ఆ టెన్షన్ ఇప్పుడు లేదు. ఒక్కటి మాత్రం మర్చిపోకూడదు. పేజీలో వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ (ఫోను అసలు వెడల్పునే లెక్కలోకి తీసుకోమని చెప్పే వరస) లేకపోతే ఫోను తన వెడల్పు 980 పిక్సెళ్ళని చెప్పుకుంటుంది. ఇక ఫోన్ కోసం రాసిన షరతు ఒక్కటీ పనిచెయ్యదు.

అసలు గొడవ బ్రేక్‌పాయింట్ల దగ్గర, అంటే లేఅవుట్ మారాల్సిన వెడల్పుల దగ్గర. రెడీమేడ్ స్టైల్స్ ఇచ్చే కిట్లు రెండింటిని చూడండి, అంకెలు పిక్సెళ్ళలో. బూట్‌స్ట్రాప్ 5లో 576, 768, 992, 1200, 1400. టెయిల్‌విండ్‌లో 640, 768, 1024, 1280, 1536. అందరూ ఈ అంకెల్నే దించేసుకుంటారు. 768 అనేది పాత ఐప్యాడ్‌ని నిలువుగా పట్టుకుంటే వచ్చే వెడల్పు. మన ‘మమ్మల్ని సంప్రదించండి’కి దానితో ఏం సంబంధం? ఇంగ్లీషు మెనూ 768 దగ్గర హాయిగా ఒక వరసలో కూర్చుంటుంది. అదే మెనూ తెలుగులో పెడితే చివరి రెండు మాటలు కింది వరసలోకి జారి లోగో మీద పడతాయి. కాబట్టి నేను చేసేది ఇది: తెలుగు పేజీ తెరిచి, కిటికీని మెల్లగా సన్నం చేసుకుంటూ పోయి, మెనూ ఎక్కడ విరిగితే అక్కడ బ్రేక్‌పాయింట్ పెడతాను. అది 860 అయినా సరే, 815 అయినా సరే. ఇంగ్లీషు పేజీకి హ్యాంబర్గర్ బటన్ (మెనూని దాచే మూడు గీతల గుర్తు) కాస్త ముందే వచ్చేస్తుంది, దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

అంతకన్నా తెలివిగా దాక్కునే చిక్కు వరసల మధ్య ఎడం. ఇంగ్లీషు శీర్షికలకి లైన్ హైట్ 1.2 పెడతారు. పెద్ద స్క్రీన్ మీద శీర్షిక ఒకే వరస కాబట్టి తెలుగులోనూ బానే కనిపిస్తుంది. ఫోన్లో అది రెండు వరసలవగానే పై వరసలో ‘రాష్ట్ర’కున్న ఒత్తులు కింది వరసలో ‘శ్రీ’ గుడిదీర్ఘం మీదికి వచ్చి కూర్చుంటాయి. ల్యాప్‌టాప్‌లో చూసి ఓకే చేసేవాళ్ళకి ఇది ఎప్పటికీ కనపడదు. నేను మామూలు స్టైల్‌లోనే 1.6 పెట్టి, వెడల్పు పెరిగాక మీడియా క్వెరీలో తగ్గిస్తాను. బటన్లకి ఎత్తు అంకెలతో బిగించను. బిగించి, పైగా పొంగింది దాచెయ్యమంటే ఒత్తులు సగానికి తెగిపోతాయి.

బ్రేక్‌పాయింట్‌ని పిక్సెళ్ళలో కాకుండా అక్షరం సైజుని బట్టి మారే ‘ఈఎం’ కొలతలో రాయడం నాకు నచ్చిన పద్ధతి. మీడియా క్వెరీలో ఈఎం అంటే మనం పేజీకి పెట్టుకున్న అక్షరం సైజు కాదు, బ్రౌజర్‌లో చూసేవాళ్ళు పెట్టుకున్న సైజు. కంప్యూటర్‌లో అక్షరాలు పెద్దవి చేసుకున్నవాళ్ళకి రెండు నిలువు వరసలు ఇరుక్కోకుండా పేజీ దానంతటదే ఒక్క వరసకి మారుతుంది. ఫోన్లలో ఇంకో తంతు ఉంది. పిల్లల్ని పీజీలో చేర్చడానికి వచ్చే అమ్మానాన్నల్లో చాలామంది ఆండ్రాయిడ్ సెట్టింగుల్లో డిస్‌ప్లే సైజు పెంచుకుని ఉంటారు. అప్పుడు 360 పిక్సెళ్ళ ఫోను ఇంకా సన్నగా లెక్కకొస్తుంది. అందుకే 320 దగ్గర కూడా అడ్డంగా జరపాల్సిన అవసరం లేకుండా చూస్తాను. వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు అడిగే వెడల్పు కూడా అదే.

ఇలాంటివి తెలియాలంటే బ్రౌజర్‌లోని ఉత్తుత్తి ఫోన్ బొమ్మ చాలదు, బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డుకి వెళ్ళి పాత ఫోన్లు కొనుక్కోవాల్సిందే. ఓరియెంటేషన్ షరతు (స్క్రీన్ నిలువుగా ఉందా అడ్డంగా ఉందా అని చూసేది) సంగతి అలాంటి ఫోన్లోనే బయటపడింది. ఫోను నిలువుగానే ఉంటుంది. పేరు రాయడానికి కీబోర్డ్ తెరుచుకోగానే మిగిలిన ఎత్తు వెడల్పు కంటే తగ్గుతుంది, బ్రౌజర్ దాన్ని అడ్డం ఫోను అనుకుని లేఅవుట్ మార్చేస్తుంది. రాసేవాళ్ళు బిత్తరపోతారు. క్రోమ్ 108 నుంచి ఆండ్రాయిడ్‌లో కీబోర్డ్ వచ్చినా పేజీ కొలత మారడం లేదు గానీ, అప్‌డేట్ చెయ్యని ఫోన్లు ఊరినిండా ఉన్నాయి. ఫారం ఉన్న పేజీల్లో ఆ షరతు నేను వాడను.

ఇక నా ఫిర్యాదులు. సీఎస్ఎస్ వేరియబుల్స్‌ని షరతులో పెట్టనివ్వరు, దాంతో ఒకే అంకెని ఫైలంతా తిరిగి రాయాలి, లేదా సీఎస్ఎస్‌ని తయారుచేసిపెట్టే సాస్ లాంటి పనిముట్టు తెచ్చుకోవాలి. షరతులో పెట్టినంత మాత్రాన స్టైల్‌కి అదనపు బలం రాదు, వరసలో కింద ఉన్నదే నెగ్గుతుంది. కొత్తగా చేరే కుర్రాళ్ళు ‘అన్నా, రాశాను గానీ రావట్లేదు’ అని పిలిస్తే తొంభైపాళ్ళు ఇదే. మ్యాక్స్ 767, మిన్ 768 అని రాస్తే జూమ్ చేసినప్పుడు 767.5 వచ్చి రెంటికీ చెందకుండా పోతుంది. బూట్‌స్ట్రాప్‌లో 767.98 లాంటి వింత అంకె ఉన్నది అందుకే. ఇప్పుడు ‘కంటే తక్కువ’ (<), ‘కంటే ఎక్కువ’ (>) గుర్తులతో నేరుగా రాయొచ్చు. సఫారీకి అది 2023లో, 16.4తో వచ్చాక నేను పాత రాత మానేశాను.

అన్నిటికంటే పెద్ద లోటు మరొకటి. మీడియా క్వెరీకి కిటికీ తెలుసు, లోపలి గది తెలియదు. పిన్నిగారి సైటులో ఆవకాయ కార్డు ప్రధాన జాబితాలోనూ ఉంటుంది, పక్కన సన్నటి ‘ఇవి కూడా చూడండి’లోనూ ఉంటుంది. స్క్రీన్ ఎంత పెద్దదైనా ఆ పక్క వరసలో కార్డుకి చోటు తక్కువే. దీనికి సరైన మందు కంటైనర్ క్వెరీలు, అంటే స్క్రీన్‌ని కాక కార్డు ఉన్న పెట్టె వెడల్పుని చూసే షరతులు. 2022లో క్రోమ్, సఫారీల్లో, 2023 ఫిబ్రవరిలో ఫైర్‌ఫాక్స్‌లో వచ్చాయి. నా కార్డులన్నీ అటు వెళ్ళిపోయాయి. అక్షరాల సైజు సీఎస్ఎస్‌లోని క్లాంప్ (సైజుని కనిష్ఠ, గరిష్ఠ హద్దుల మధ్య ఉంచేది) చూసుకుంటోంది, గదుల ఫోటోల వరసలు గ్రిడ్ చూసుకుంటోంది. మీడియా క్వెరీకి మిగిలింది పేజీ అస్థిపంజరం, మెనూ, డార్క్ మోడ్, కదలికలు వద్దనుకున్నవాళ్ళ సెట్టింగు, వేలితో నొక్కే స్క్రీనా మౌసా అన్న తేడా. ఈ చివరిది తక్కువమంది వాడతారు. మెస్ సైటులో బొమ్మ మీదికి మౌస్ తెస్తేనే ధర కనిపించేలా పెట్టమని అడిగితే, హోవర్ ఉన్న పరికరాలకి మాత్రం అలా పెట్టి మిగతావాళ్ళకి ధర ఎప్పుడూ కనిపించేలా ఉంచుతాను.

ఇంకోటి ప్రింట్. మెస్ ఓనరుగారు వారం మెనూని సైటు నుంచే ప్రింట్ తీసి గోడకి అంటిస్తారు. ‘బాబూ, ఒకే వరసలో పొడుగ్గా వస్తోంది, రెండు కాగితాలవుతున్నాయి’ అన్నారు. ప్రింట్ తీసేటప్పుడు బ్రౌజర్ కొలిచేది స్క్రీన్‌ని కాదు, కాగితాన్ని. ఏ4 వెడల్పు సుమారు 794 పిక్సెళ్ళు, మార్జిన్లు తీసేస్తే 768 కంటే తక్కువే, అందుకని ఫోన్ లేఅవుట్ పడుతుంది. ప్రింట్ షరతు విడిగా రాసి, అందులో రెండు నిలువు వరసలు పెట్టి, ఫోటోలూ బటన్లూ తీసేస్తే ఒక్క కాగితంలో వచ్చేసింది.