ఒక్క డౌన్‌లోడ్ బటనే మిగిలింది: యూబ్లాక్ ఆరిజిన్‌తో నా అనుభవం

మా జిరాక్స్ షాపు గుంటూరు బ్రాడీపేటలో. చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. పిల్లలు ఎక్కువగా వచ్చేది హాల్ టికెట్లకి, పాత ప్రశ్నపత్రాలకి. ఈ రెండోదే నా ప్రాణం తీసేది. పీడీఎఫ్ కోసం ఏ సైటు తెరిచినా నాలుగైదు పచ్చటి ‘డౌన్‌లోడ్’ బటన్లు. అసలుది సన్నగా ఎక్కడో అడుగున ఉంటుంది, మిగతావన్నీ ప్రకటనలే. పిల్లలు పెద్దదాన్నే నొక్కుతారు, వాళ్ల తప్పేముంది? సాయంత్రానికి ఆ సిస్టంలో ఎవరూ అడగని ‘డ్రైవర్ అప్‌డేటర్’ ఒకటి తిష్ట వేసుకుని ఉండేది.

యూబ్లాక్ ఆరిజిన్ అంటే ప్రకటనల్ని ఆపే ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాం. అది వేశాక ఆ పేజీల్లో ఒక్క బటనే కనబడుతోంది. యూట్యూబ్ సంగతి, పేజీల వేగం సంగతి అందరూ చెప్పేవే, వదిలేస్తున్నా. నాకు మాత్రం ఈ ఒక్క సుఖం చాలు. మొండిగా ఏదైనా మిగిలితే యూబ్లాక్ ఆరిజిన్ మెనూలో మెరుపు గుర్తు నొక్కి దాని మీద క్లిక్ చేస్తే ఆ పూటకి పోతుంది. పెట్టి మర్చిపోవచ్చు. దీన్ని రాసిన రేమండ్ హిల్ విరాళాలు కూడా తీసుకోడు. వేసుకునేటప్పుడు పేరులో ‘ఆరిజిన్’ ఉందో లేదో చూసుకోండి, ఒట్టి ‘యూబ్లాక్’ వేరే వాళ్లది.

మొదట క్రోమ్‌లోనే వాడాను. 2024లో హెచ్చరికలు మొదలయ్యాయి, 2025లో పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లన్నీ అందులో ఆగిపోయాయి. కొత్త పద్ధతి పేరు మానిఫెస్ట్ వీ3. ఇదివరకు గేటు దగ్గర మనిషిని పెట్టినట్టు, పేజీ తెప్పించుకునే ప్రతిదాన్నీ ఎక్స్‌టెన్షనే చూసి ఆపేది. ఇప్పుడు ఎవరిని రానివ్వకూడదో ముందే జాబితా రాసి బ్రౌజర్ చేతికివ్వాలి. భద్రత కోసం, వేగం కోసం అని గూగుల్ వాళ్లు అన్నారు. చిత్రమేంటంటే, వచ్చేపోయేవాటిని చూసే వీలు ఎక్స్‌టెన్షన్లకి ఇంకా ఉంది, అప్పటికప్పుడు ఆపే వీలే పోయింది. ప్రకటనల మీద బతికే కంపెనీ బ్రౌజర్ కాబట్టి నాకేం ఆశ్చర్యం అనిపించలేదు. ఐదు సిస్టంలలో నాలుగింటిని ఫైర్‌ఫాక్స్‌కి మార్చేశాను.

ఇక చిక్కొచ్చిన సంగతి. ఒక పరీక్ష ఫీజుకి ఆఖరు రోజు. తెనాలి వైపు నుంచి తండ్రీ కూతురూ వచ్చారు. అమ్మాయి ఫారం అంతా నింపింది, ఫొటో, సంతకం ఎక్కించాం. ‘పే’ నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు. మళ్లీ నొక్కింది. ఆయన భయం ఆయనది: “బాబూ, రెండుసార్లు కట్ అవుద్దేమో, నొక్కనీకు!” వెనకాల ప్రింట్ల కోసం నిలబడ్డవాళ్లు సలహాలు. యూబ్లాక్ ఆరిజిన్‌లో లాగర్, అంటే ఏది ఆపిందో చూపించే పట్టీ, తెరిచి చూస్తే ఎర్ర గీత కనబడింది. సైటుకి ఎందరొచ్చారో లెక్కపెట్టే స్క్రిప్టు ఒకటి ఆగిపోయింది, ఆ సైటు రాసిన మహానుభావుడు డబ్బు కట్టే బటన్‌ని దానికి ముడేశాడు. పవర్ గుర్తు నొక్కి ఆ సైటు వరకు ఆపి రీలోడ్ చేస్తే నింపిందంతా పోయింది. అమ్మాయి నోరు మెదపకుండా మళ్లీ మొదలుపెట్టింది. రసీదు ప్రింటు చేతికొచ్చేదాకా ఆయన కూర్చోలేదు.

అందుకే, పెట్టి మర్చిపోవచ్చు అన్నది ఇంటి వరకే. షాపులో ఫీజులకి, బ్యాంకు పనులకి బ్లాకర్ లేని ప్రొఫైల్ ఒకటి విడిగా పెట్టాను. మా కుర్రాడికి పవర్ గుర్తు చూపించాకే వాణ్ణి సీట్లో కూర్చోబెడుతున్నా. నేను రోజూ చదివే ఒకట్రెండు చిన్న తెలుగు వార్తా సైట్లలో కూడా బ్లాకర్‌ని ఆపేసే ఉంచాను, వాళ్లకీ పూట గడవాలి.

ముందుముందు ఎలా ఉంటుందో మరి. ఫైర్‌ఫాక్స్ పాత పద్ధతిని ఇంకా ఉంచింది, కానీ దాన్ని తయారుచేసే మొజిల్లా ఆదాయంలో పెద్ద వాటా గూగుల్ తన సెర్చ్ కోసం ఇచ్చేదే. 2025 సెప్టెంబరులో గూగుల్ సెర్చ్ గుత్తాధిపత్యం కేసులో అమెరికా కోర్టు అలాంటి చెల్లింపుల్ని పూర్తిగా నిషేధించలేదు, ప్రస్తుతానికి గండం గడిచింది.

ఐదో సిస్టంలో క్రోమే ఉంది. కొన్ని పోర్టళ్లు అందులో తప్ప తెరుచుకోవు. దానికి యూబ్లాక్ ఆరిజిన్ లైట్ వేశాను, కొత్త పద్ధతికి తగ్గట్టు చేసిన రకం అది. పచ్చ బటన్లు అక్కడా చాలావరకు పోయాయి, అబద్ధమెందుకు. అయితే లైట్‌లో జాబితాలు కొత్తవి కావాలంటే సాధారణంగా ఎక్స్‌టెన్షనే అప్‌డేట్ అవ్వాలి. నాలాగా రోజంతా ముక్కూ మొహం తెలియని సైట్లు తెరిచేవాళ్లకైతే ఫైర్‌ఫాక్స్, అసలు యూబ్లాక్ ఆరిజిన్. మీది ఇంట్లో ఒక్క ల్యాప్‌టాపే, క్రోమ్‌కి అలవాటు పడ్డారు అంటే లైట్‌తో సరిపెట్టుకోవచ్చేమో.