ఆసుపత్రిలో వచ్చిన న్యుమోనియాకి యాంటీబయాటిక్: ఏడు రోజులా, పద్నాలుగు రోజులా?

"ఎక్స్‌రేలో మచ్చ అలాగే ఉంది కదండీ, అప్పుడే మందు ఆపేస్తున్నారేంటి?" ఐసీయూ బయట నిలబడే బంధువులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. వేరే జబ్బుతో చేరి, 48 గంటలు దాటాక ఆసుపత్రిలోనే అంటుకున్న న్యుమోనియా సంగతి ఇది. వెంటిలేటర్ మీద ఉండగా వచ్చేదీ ఇందులోదే.

ఇదివరకు రెండు వారాల కోర్సే మామూలు. 2003లో ఫ్రాన్స్‌లోని 51 ఐసీయూల్లో వెంటిలేటర్ న్యుమోనియా రోగుల్ని రెండు జట్లు చేసి, ఒకరికి 8 రోజులు, ఇంకొకరికి 15 రోజులు మందు ఇచ్చి చూశారు. మరణాలు 18.8, 17.2 శాతం, అంటే పెద్ద తేడా లేదు. 2016 నాటి అమెరికన్ మార్గదర్శకాలు కూడా ఏడు రోజులకే ఓటేశాయి. నా మొగ్గూ అటే.

అయితే పద్నాలుగు రోజుల పక్షాన ఒక గట్టి వాదన ఉంది. దాని పేరు సూడోమోనాస్. అదే ఫ్రెంచ్ అధ్యయనంలో సూడోమోనాస్ తరహా మొండి బ్యాక్టీరియా ఉన్నవాళ్లలో, తక్కువ రోజులు వాడిన జట్టులో ఇన్‌ఫెక్షన్ 40.6 శాతం మందికి తిరగబెట్టింది, ఎక్కువ రోజుల జట్టులో 25.4 శాతానికే. మరణాలు మాత్రం పెరగలేదు. ఇంకోవైపు, తిరగబెట్టినవాళ్లలో మందులకు లొంగని బ్యాక్టీరియా కనిపించింది ఎక్కువగా పదిహేను రోజుల జట్టులోనే. ఐసీయూలో నాకు అసలు భయం ఇదే. ఈసారి వాడిన మందు వచ్చేసారి పనిచేయకపోతే చేతిలో మిగిలేది కొలిస్టిన్ లాంటివే, వాటితో కిడ్నీల టెన్షన్ మొదలవుతుంది.

రోజుల సంఖ్య కంటే, మనిషి తేరుకుంటున్నాడా లేదా అన్నదే నా దృష్టిలో తేల్చే విషయం. నేను ముందు చూసేది ఎక్స్‌రే కాదు, మంచం దగ్గరి చార్టు. 60 శాతం ఆక్సిజన్ మీద ఉన్న మనిషి 35కి దిగాడా? సక్షన్‌లో (గొట్టంతో కఫం లాగేటప్పుడు) చిక్కగా, పచ్చగా వచ్చే కఫం పలచబడి తెల్లగా మారిందా? జ్వరం తగ్గి, పడిపోయిన బీపీని నిలబెట్టే మందులు ఆగాయా? ఇవన్నీ కుదిరితే ఏడో రోజు ఆపేయడానికి నాకు జంకు లేదు. ఎక్స్‌రేలో మచ్చ పోవడానికి వారాలు పడుతుంది, పెద్దవయసువాళ్లలో ఇంకా ఎక్కువే. శ్వాస కోసం గొంతులో వేసిన ట్యూబ్ నుంచి తీసిన కఫంలో బ్యాక్టీరియా మళ్లీ పెరిగిందని రిపోర్ట్ వచ్చినా కంగారు పడక్కర్లేదు. ట్యూబ్ ఉన్నంతకాలం దాని గోడలకు అవి అంటుకునే ఉంటాయి. అక్కడ ఉండటం వేరు, జబ్బు చేయడం వేరు.

లెక్క ఎప్పటినుంచి అన్నదీ ముఖ్యమే. మొదట మొదలుపెట్టిన మందు పనిచేయదని మూడో రోజు కల్చర్ రిపోర్ట్ (కఫంలోని బ్యాక్టీరియాని ల్యాబ్‌లో పెంచి, ఏ మందుకి లొంగుతుందో చూసే పరీక్ష) చెబితే, మార్చిన మందు మొదలైన రోజే ఒకటో రోజు. ముందు గడిచిన రోజులు జమకావు.

ఊపిరితిత్తిలో చీముగడ్డ కట్టినా, దాని చుట్టూ చీము చేరినా, రక్తంలోకి స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా ఎక్కినా ఏడు రోజులు చాలవు, అందులో చర్చ లేదు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ల సంగతి డాక్టర్లు విడిగా తేల్చుకోవాల్సిందే. ప్రోకాల్సిటోనిన్ (బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌లో రక్తంలో పెరిగే పదార్థం) రక్తపరీక్ష చూసి ఆపడం మూడో దారి. ఆపాలా వద్దా అని ఊగిసలాడేటప్పుడు పనికొస్తుంది, అంతే.

ఆపాక రెండు మూడు రోజులకు మళ్లీ జ్వరం వచ్చి ఆక్సిజన్ పెంచాల్సి వస్తే, పాత మందునే తిరిగి ఎక్కించడం కాదు, ముందు కొత్తగా కల్చర్ పంపాలి. జ్వరానికి కారణం ఊపిరితిత్తే కానక్కర్లేదు. సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలో పెట్టిన గొట్టం), యూరిన్ ట్యూబ్ కూడా చూడమని డాక్టర్‌ని అడగండి.