నిలబడే ఓరిగామి బొమ్మలకు ఊతం: తీగ, పుట్టీ, అయస్కాంతం, రెడీమేడ్ స్టాండ్లలో ఏది నయం?

కాగితం మడిచి చేసిన నాలుగు కాళ్ల ఏనుగు ఎలాగోలా నిలబడుతుంది. చిక్కంతా రెండు కాళ్ల కొంగతోనూ, తల బరువుకి ముందుకు తూలే గుర్రంతోనూ. వీటిని నిలబెట్టడానికి బజార్లో దొరికే సరుకుల్లో, చాలాకాలం ఉంచుకోవాలనుకునే బొమ్మకు 1 మి.మీ. అల్యూమినియం తీగను మించింది లేదు. ఫొటో తీసేంతసేపు నిలబడితే చాలనుకుంటే ట్యాక్ పుట్టీ (గోడకు పోస్టర్లు అంటించే జిగట ముద్ద) సరిపోతుంది. రెడీమేడ్ స్టాండ్లు చాలావరకు దండగ.

35 సెం.మీ. చదరపు 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు) కాగితం మొత్తం తూచినా 10 గ్రాములు దాటదు. కాబట్టి లావుపాటి కమ్మీలు అక్కర్లేదు. బొమ్మ పడిపోయేది గరిమనాభి (బరువంతా కేంద్రీకరించే బిందువు) పాదాల హద్దు దాటడం వల్ల, లేదా కాలి మడతలు విచ్చుకోవడం వల్ల. ఏది కారణమో తేల్చుకోవడం తేలిక. బొమ్మను నిలబెట్టి మెల్లగా వదలండి. కాళ్లు బిగుతుగానే ఉండి మొత్తం ఒకవైపుకి ఒరిగితే అది తూకం సమస్య. ఒరిగే వైపుకి ఒక పాదాన్ని 3-4 మి.మీ. జరిపితే చాలాసార్లు పైసా ఖర్చు లేకుండా తీరిపోతుంది. కాళ్లు చాచుకుపోయి చతికిలబడితే మాత్రం తీగ కావాలి.

క్రాఫ్ట్ షాపుల్లో చుట్టలుగా అమ్మే అల్యూమినియం తీగ వేళ్లతోనే వంగుతుంది. 10 సెం.మీ. దాటిన కాళ్లకు 1.5 మి.మీ. తీసుకోవాలి. మోటార్ వైండింగ్ చేసేవాళ్ల దగ్గర దొరికే రాగి తీగ ఇంకాస్త గట్టిది, 20 గేజ్ (0.9 మి.మీ.) చాలు. ఇనప బైండింగ్ వైరు చవకే కానీ వాడకండి. జిగురులోని తడికి తుప్పు పట్టి, కొన్నాళ్లకు ఆ మరక కాగితం పైకి తేలుతుంది.

రెండు కాళ్లకు రెండు ముక్కలు పెట్టడం కంటే, ఒకటే తీగను తలకిందుల 'యు' ఆకారంలో వంచి నడుం మీదుగా రెండు కాళ్లలోకీ దింపడం మేలు. అప్పుడు కాళ్లు విడిపోవడానికి వీలుండదు. అడుగు పలకలో గుచ్చడానికి పాదాల కింద 2 సెం.మీ. చొప్పున మిగిలేలా కత్తిరించి, కొసలను ఆకురాయితో గుండ్రంగా అరగదీయాలి. ఇది మానేస్తే తీగ మోకాలి వంపు దగ్గర కాగితాన్ని పొడుచుకుని బయటికొస్తుంది. కాలిని విప్పి లోపలి మడతలో తీగ పెట్టి, జిగురు పల్చగా రాసి మూసేయండి. పైన బటర్ పేపరు చుట్టి బట్టల క్లిప్పులు పెట్టి ఒక రోజంతా ఆరనివ్వాలి. క్లిప్పు సరిగ్గా తీగ మీదే పడితే గాడి పడి అలాగే ఉండిపోతుంది, కాస్త పక్కకు పెట్టాలి.

జిగురు విషయానికొస్తే, ఓరిగామి చేసేవాళ్లు ఎక్కువగా వాడేది మిథైల్ సెల్యులోజ్ అనే, నీళ్లలో కలుపుకునే పొడి. అది దొరక్కపోతే కేకు సామాన్ల కొట్లలో సీఎంసీ పేరుతో అమ్మే పొడి దాదాపు అదే పని చేస్తుంది. 100 మి.లీ. నీళ్లకు 2-3 గ్రాములు. ఒకేసారి గుమ్మరిస్తే ఉండలు కడుతుంది, కలుపుతూ కొద్దికొద్దిగా చల్లి కొన్ని గంటలు వదిలేయాలి. ఆరాక మరక కనిపించదు, మడత బిగుసుకుంటుంది. మైదా జిగురు కూడా అంటుకుంటుంది కానీ బొద్దింకలను పిలిచినట్టే. ఇన్‌స్టంట్ గమ్ కాగితంలోకి ఇంకి ఆ చోటు నల్లబడుతుంది, పెళుసెక్కుతుంది. తడి మడతతో, అంటే కాగితాన్ని కాస్త తడిపి మడిచే జపాన్ ఓరిగామి కళాకారుడు యోషిజావా అకిరా (1911–2005) పద్ధతిలో, మందపాటి కాగితంతో చేసిన బొమ్మలకు చాలాసార్లు తీగ అవసరమే ఉండదు.

ట్యాక్ పుట్టీ వాడకం నిమిషం పని. మిరియపు గింజంత తీసుకుని వేళ్లతో పిసికి మెత్తబరిచి పాదం కింద నొక్కాలి. ఇబ్బంది తర్వాత మొదలవుతుంది. వారాల తరబడి వదిలేస్తే అందులోని నూనె కాగితంలోకి దిగుతుంది, ఎండాకాలం మెత్తబడి బొమ్మ ఒరుగుతుంది. పాదం అడుగున ముందే చిన్న సెలోటేపు ముక్క అంటిస్తే మరక పడదు. తీసేటప్పుడు లాగకండి, ఇంకో ముద్దతో అద్ది అద్ది తీయాలి.

పాదం వెడల్పుగా ఉంటే అయస్కాంతం ముచ్చటైన ఉపాయం. పాదం మడతలో పల్చటి ఇనప వాషరు, బొమ్మను నిలిపే పలక అడుగున 10×2 మి.మీ. నియోడిమియం (బలమైన అయస్కాంతం) బిళ్ల. పలక 2 మి.మీ. మందం ఉంటే గట్టిగా పట్టుకుంటుంది, 5 మి.మీ. ఉంటే పట్టు బాగా తగ్గిపోతుంది.

ఇక రెడీమేడ్ స్టాండ్లు. నడుం చుట్టూ పట్టుకునే డాల్ స్టాండు కాగితాన్ని నలిపేస్తుంది. గన్‌ప్లా బొమ్మల (గుండం రోబోల ప్లాస్టిక్ కిట్లు) కోసం జపాన్ బొమ్మల కంపెనీ బందాయ్ అమ్మే యాక్షన్ బేస్ లాంటి చేయి ఉన్న స్టాండు ఎగిరే డ్రాగన్‌కు బాగుంటుంది, అదీ పొట్ట కింద 3 మి.మీ. కడ్డీ దూరేంత మడత సందు ఉంటేనే.

తీగ గుచ్చే పలకకు 12 మి.మీ. ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన పలక) లేదా చెక్క మంచిది. తీగ కొసలకు ఇంకు అద్ది పలక మీద ఆనిస్తే రంధ్రాలు ఎక్కడ పడాలో తెలుస్తుంది. 1 మి.మీ. తీగకు 1 మి.మీ. బిట్టే వాడండి. వదులైతే ఒక చుక్క ఫెవికాల్. సన్‌బోర్డు (ప్లాస్టిక్ నురుగు పలక) తెల్లగా అందంగా ఉంటుంది కానీ తేలిక. సీలింగ్ ఫ్యాను ఐదులో పెడితే బొమ్మతో సహా జరుగుతుంది, కాబట్టి అడుగున నాలుగు ఇనప వాషర్లు అంటించాలి. బొమ్మల కొలువులో మెట్ల మీద గుడ్డ పరుస్తారు కనుక అక్కడ చెక్క పలకే నిలకడగా ఉంటుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు చెమ్మ ఊళ్లలో వానాకాలం మడతలు విచ్చుకుంటాయి. మూత ఉన్న అక్రిలిక్ పెట్టె, అందులో సిలికా జెల్ పొట్లం ఉంటే తీగకు పని తగ్గుతుంది.

బస్సులోనో రైల్లోనో తీసుకెళ్లేటప్పుడు బొమ్మ చుట్టూ కాగితాలు కుక్కకండి. పలకను అట్టపెట్టె అడుగుకు రెండువైపులా అంటుకునే టేపుతో అంటించి, బొమ్మ చుట్టూ ఖాళీ వదిలేయండి.