డెబియన్ నెట్‌ఇన్‌స్ట్‌పై కట్టుకున్న చిన్న డెస్క్‌టాప్: సమీక్ష

కావలసిన భాగాలను మాత్రమే ఎంచుకొని కమాండ్ లైన్ నుంచే లినక్స్ డెస్క్‌టాప్ కట్టుకోదలచినవారికి డెబియన్ నెట్‌ఇన్‌స్ట్ (డెబియన్ అనే లినక్స్ వ్యవస్థకు, మిగతా ప్యాకేజీలను ఇంటర్నెట్ నుంచి తెచ్చుకొనే చిన్న ఇన్‌స్టాలర్) గట్టి పునాది అని, డెబియన్ 12ను ఐ3 అనే విండో మేనేజర్‌తో (తెరపై విండోలను అమర్చే ప్రోగ్రాముతో) వాడిన తరువాత నమ్మకంగా చెప్పగలను. 2023 జూన్‌లో వచ్చిన ఆ వెర్షన్ నుంచి వైఫై కార్డులు పనిచేయడానికి వాటిలోకి ఎక్కించే ఫర్మ్‌వేర్ అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే ఉంటున్నందున, దాన్ని విడిగా వెతికి తెచ్చుకొనే బెడద చాలావరకు తీరింది.

ఇన్‌స్టాలర్ రూట్ (సర్వాధికారాలున్న ఖాతా) పాస్‌వర్డ్ అడిగినప్పుడు ఆ గడిని ఖాళీగా వదలడం మేలు. అలా చేస్తే మొదటి యూజర్‌కు సుడో అధికారం, అంటే రూట్ పనులను తన పాస్‌వర్డ్‌తోనే చేసే వీలు, దానంతటదే వస్తుంది. సాఫ్ట్‌వేర్ ఎంపిక దగ్గర డెస్క్‌టాప్‌ల టిక్కులన్నీ తీసివేసి, స్టాండర్డ్ సిస్టమ్ యుటిలిటీలను మాత్రమే ఉంచాను.

అసలు జాగ్రత్త రీబూట్ తరువాత మొదలవుతుంది. డెబియన్‌లో ప్యాకేజీలను తెచ్చిపెట్టే ఆప్ట్ కమాండ్, ఒక ప్యాకేజీతో పాటు దానికి తప్పనిసరైనవాటినే కాక, సిఫారసు చేసినవాటిని కూడా తెస్తుంది. 'నో ఇన్‌స్టాల్ రికమెండ్స్' ఆప్షన్‌తో సిఫారసులను ఆపి, ఎక్స్ఆర్గ్ (తెరపై గ్రాఫిక్స్ చూపే వ్యవస్థ), ఐ3 ప్యాకేజీలను పెట్టి, డెస్క్‌టాప్‌ను మొదలుపెట్టే స్టార్ట్‌ఎక్స్ కమాండ్ ఇచ్చాను. డెస్క్‌టాప్ వచ్చింది గాని, కింది పట్టీలో గడియారానికి బదులు ఎర్రర్ కనిపించింది; ప్రోగ్రాములను తెరిచే డీమెనూ ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. పట్టీలో గడియారం వంటివి చూపే ఐ3స్టేటస్, డీమెనూ ఉండే సక్‌లెస్ టూల్స్ అనే ప్యాకేజీలు రెండూ ఐ3కి సిఫారసులే తప్ప తప్పనిసరి కావు కనుక ఇలా జరిగింది. ఎక్స్ఆర్గ్‌తో పాటు ఎక్స్‌టర్మ్ అనే టెర్మినల్ వచ్చి ఉండటం వల్ల, అందులోనే ఆ రెండింటినీ పేరు పెట్టి తెప్పించుకోగలిగాను. బ్రౌజర్‌లో తెలుగు అక్షరాలు డబ్బాలుగా కనిపించడం నోటో కోర్ ఫాంట్ల ప్యాకేజీతో సరిపోయింది. ఏ ప్యాకేజీ దేనికోసం ఉందో ఇలా ఒక్కొక్కటిగా తెలిసిరావడమే ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది.

శబ్దానికి పైప్‌వైర్ పల్స్, వైర్‌ప్లంబర్ అనే ప్యాకేజీలు చాలు.

నాకు నిజంగా నచ్చనిది నెట్‌వర్క్ వ్యవహారం. డెస్క్‌టాప్ లేని ఇన్‌స్టలేషన్‌లో వైఫై వివరాలు సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్ కింద ఉన్న నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసెస్ ఫైల్‌లో చేరుతాయి. ఆ ఫైల్‌లో పేరున్న కార్డును తరువాత పెట్టుకున్న నెట్‌వర్క్ మేనేజర్ (కనెక్షన్లను నడిపే ప్రోగ్రాము) ముట్టుకోదు. ఆ కార్డుకు చెందిన వరుసల ముందు హ్యాష్ గుర్తు పెట్టి, అవి పనిచేయకుండా చేసి, రీబూట్ చేసిన తరువాతే అది నెట్‌వర్క్ మేనేజర్ చేతికి వచ్చింది. ఈ సంగతిని ఇన్‌స్టాలర్ చివరి తెరపైనే ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే, కొత్తవారికి ఒక సాయంత్రం మిగిలేది.