నీళ్లు దిగిన ఊళ్లో కచేరీలు: చెన్నై, 2015 డిసెంబరు

మార్గళి సీజన్‌కి, అంటే అక్కడి డిసెంబరు కచేరీల పండక్కి, ఒక్కసారైనా చెన్నై తీసుకెళ్లమని పెద్దమ్మ అడగడం, నేను సరే అనడం, తీరా డిసెంబరు వచ్చేసరికి ఆఫీసులో ఏదో ఒక పని అడ్డం పడటం. పదేళ్లుగా ఇదే వరస. ఈసారి ముందే జాగ్రత్తపడి అక్టోబరులోనే పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో సీట్లు చేయించాను. డిసెంబరు 19న వెళ్లడం, 24న తిరుగు ప్రయాణం.

డిసెంబరు 1న ఆ వాన పడింది. తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్లు. చెంబరంబాక్కం చెరువు నుంచి 29,000 క్యూసెక్కులు వదిలారు, అడయార్ నది పొంగి ఇళ్లలోకి వచ్చింది. విమానాశ్రయం మూతపడింది. ప్రెస్సుకి మనుషులు చేరలేక హిందూ పేపరే ఆ మర్నాడు అచ్చు కాలేదు. 1878లో పెట్టినప్పటి నుంచి అలా జరగడం అదే మొదటిసారట. టికెట్లు క్యాన్సిల్ చేద్దామని ఫోన్ చేస్తే పెద్దమ్మ ఒకటే మాట అంది: "పాడేవాళ్లు పాడుతున్నారా లేదా కనుక్కో. వాళ్లు పాడుతుంటే మనం వెళ్లకపోవడమేంట్రా?"

కనుక్కున్నాను. ఈ ఏడాది సీజన్ ఆపేస్తే మంచిదని కొందరు అంటున్నారు. ఆపితే మృదంగం వాయించేవాళ్ల దగ్గర్నుంచి క్యాంటీన్‌లో ఆకులు వేసే కుర్రాడి దాకా ఎవరికీ కూలి గిట్టదని ఇంకొందరు. మొత్తానికి మ్యూజిక్ అకాడమీలో 15 నుంచి మొదలవుతుందని తేలింది. సరే, బయల్దేరాం.

గూడూరు దాటాక పట్టాలకు రెండు వైపులా ఇంకా నీళ్లు నిలిచే ఉన్నాయి. అవి నవంబరు వానల నీళ్లు. మన నెల్లూరు జిల్లాకి అప్పుడే తగిలింది దెబ్బ, టీవీలు మాత్రం చెన్నై దగ్గరే ఎక్కువ సేపు ఆగాయి.

మొదటి పొరపాటు నాదే. సైదాపేటలో లాడ్జి, రోజుకి 900 అన్నారని ఫోన్లోనే 500 అడ్వాన్సు పంపేశాను. వెళ్లి చూస్తే గది కింది అంతస్తులో. గోడకి కొత్తగా సున్నం కొట్టారు గానీ, నా భుజాల ఎత్తున గోధుమరంగు గీత ఒకటి ఆ సున్నంలోంచి మళ్లీ పైకి తేలుతోంది. పెద్దమ్మ పరుపు మీద అరచేయి ఆనించి, చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని, మాట్లాడకుండా సంచి భుజాన వేసుకుంది. పై అంతస్తులో ఇవ్వమంటే, అక్కడ కింది ఇళ్లవాళ్లు కాపురాలే పెట్టారన్నాడు కుర్రాడు. ఇంకేం అంటాం? అడ్వాన్సు తిరిగి రాలేదు, నేనూ గట్టిగా అడగలేదు.

అక్కణ్నుంచి మైలాపూర్ వెళ్లిపోయాం. అటువైపు పెద్దగా మునగలేదు. లజ్ దగ్గర ఒక పాత లాడ్జిలో రెండో అంతస్తు గది, రోజుకి 1,500. కిటికీలోంచి కపాలీశ్వరుడి గోపురం సగం కనిపిస్తుంది, మిగతా సగానికి ఎవరిదో నీళ్ల ట్యాంకు అడ్డం. వేణ్నీళ్లు బకెట్లో తెచ్చిస్తారు. దుప్పట్లు పల్చన, కానీ పొడి. ఆ వారం నాకు అంతకంటే ఏమీ అక్కర్లేదనిపించింది. లిఫ్టు మాత్రం పనిచెయ్యట్లేదు. సెల్లార్‌లో మోటార్లు తడిసి ఊళ్లో చాలా లిఫ్టులు అలాగే పడి ఉన్నాయని మేనేజరు చెప్పాడు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గది తీసుకునే ముందు ఈ ఒక్కటీ అడిగి తెలుసుకోండి. మా పెద్దమ్మ రోజుకి రెండుసార్లు మాత్రమే మెట్లెక్కేలా కార్యక్రమమంతా మార్చుకోవాల్సి వచ్చింది.

తిరగడానికి లోకల్ రైలు బాగా పనికొచ్చింది. సెంట్రల్ ఎదురుగా రోడ్డు దాటితే పార్క్‌టౌన్ స్టేషను, అక్కణ్నుంచి తిరుమయిలైకి, అంటే మైలాపూర్ స్టేషనుకి, టికెట్టు అప్పట్లో అయిదు రూపాయలు. మెట్రో అప్పటికి కోయంబేడు, ఆలందూరు మధ్యే ఉండేది, సభలకు (కచేరీలు పెట్టే సంస్థల హాళ్లకు) వెళ్లేవాళ్లకి పనికిరాలేదు. ఆటోల మీటరు రేటు అప్పట్లో మొదటి 1.8 కిలోమీటర్లకి 25, ఆ తర్వాత కిలోమీటరుకి 12. మీటరు వేసినవాడు అయిదుగురిలో ఒక్కడు. అయినా ఒకాయనతో బేరం ఆడలేకపోయాను. ఆటో రెండు రోజులు నీళ్లలో మునిగిందట, ఇంజను బాగుచేయించడానికి అప్పు చేశానన్నాడు, అదీ తెలుగులో. 21న వైకుంఠ ఏకాదశి, పార్థసారథి గుడి జనంతో తిరువల్లిక్కేణి (ట్రిప్లికేన్) వైపు అడుగు వెయ్యలేకపోయాం. ఆ వైపున్న సభలు అలా తప్పిపోయాయి.

ఇక కచేరీలు. అకాడమీలో సాయంత్రం పెద్ద కచేరీలకి సీజన్ టికెట్లవాళ్లు పోను మిగిలిన సీట్లే మనకి. వాటికోసం పొద్దున్నే కౌంటరు దగ్గర నిలబడాలి. రెండు రోజులు నిలబడ్డాను, ఒకరోజే దొరికింది. కానీ పొద్దున ఎనిమిదింటికి అక్కడ జరిగే సోదాహరణ ప్రసంగాలకి టికెట్టే లేదు. ఆ ఏడాది సంగీత కళానిధి (అకాడమీ ఏటా ఇచ్చే బిరుదు) గాయకుడు సంజయ్ సుబ్రహ్మణ్యన్‌ది కాబట్టి వాటికి అధ్యక్షుడూ ఆయనే. సాయంత్రం టికెట్టు దొరకలేదని బాధపడేకంటే పొద్దున్నే వెళ్లి కూర్చోవడం మేలు. హాల్లో ఏసీ మాత్రం చంపేస్తుంది, శాలువా మర్చిపోవద్దు. మధ్యాహ్నం కచేరీలు చాలా సభల్లో ఉచితం. పాడేవాళ్లు కుర్రవాళ్లు, వినేవాళ్లు పెద్దవాళ్లు, సగం కుర్చీలు ఖాళీ. నాకు బాగా నచ్చినవి అవే. ఒకచోట మైకు గీపెడుతుంటే గాయని సంజ్ఞతో ఆపించేసి, ఉత్త గొంతుతో కల్యాణి ఆలాపన అందుకుంది. ముందు వరసల్లోకి జరిగి విన్నాం.

వరద సంగతి వేదిక మీద ఎవరూ ఎత్తలేదు. ఒక సభ గుమ్మంలో విరాళాల డబ్బా ఉంది, అంతే. మాటలన్నీ కింద, ప్రేక్షకుల్లో. "ఈ ఏడాది ఎవరూ అమృతవర్షిణి పాడకండయ్యా, మీకు పుణ్యముంటుంది" అని వెనక వరసలో ఒకాయన అన్నాడు. ఆ రాగం పాడితే వాన కురుస్తుందని నమ్మకం కదా. అరవంలో అన్నా మాకర్థమై నవ్వాం.

తిండికి లోటు లేదు. పొద్దున రాయర్స్ మెస్. ఇరుకు చోటు, ఏడున్నరకల్లా వెళ్తే పొంగలి దొరుకుతుంది, ఆలస్యమైతే దేవుడి దయ. మధ్యాహ్నం ఏదో ఒక సభ క్యాంటీన్‌లో ఆకు భోజనం. కచేరీ టికెట్టు లేకపోయినా తినొచ్చు. తనియావర్తనం, అంటే కచేరీలో మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే ఘట్టం, మొదలవగానే సగం హాలు కాఫీకి లేచిపోవడం ఇక్కడి ఆచారం. మృదంగం ఆయన్ని తలుచుకుంటే పాపం అనిపిస్తుంది గానీ, మూడోరోజుకి మేమూ లేచాం.

ఆ క్యాంటీన్‌లోనే ఆవిడ పరిచయమైంది. డెబ్బై దాటి ఉంటాయి. కోట్టూర్‌పురంలో కింది అంతస్తు ఇల్లు. టేబుల్ మీద కాఫీ పక్కన ఒక నోటుపుస్తకం, పేజీకీ పేజీకీ మధ్య న్యూస్‌పేపర్ ముక్కలు. నలభై ఏళ్లుగా రాసుకున్న కృతులట. తెలుగు సాహిత్యమే, అరవ లిపిలో. అరవంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం కదా, అందుకని ఏది ఏదో తెలియడానికి అక్షరం పక్కన చిన్న చిన్న అంకెలు వేసుకుంది. ఇంకు పెన్నుతో రాసింది కావడంతో వరద నీళ్లకి అక్షరాలు నీలం మరకలైపోయాయి. చిత్రంగా, తర్వాతెప్పుడో బాల్‌పెన్నుతో వేసిన అంకెలు మిగిలాయి. ఒక పేజీ నిండా 3, 2, 3, 4, వాటి చుట్టూ నీలం మబ్బు.

మేం తెలుగువాళ్లమని తెలిసి ఒక త్యాగరాజ కృతి మూడో చరణం చెప్పమంది. నాకు పల్లవి దాటి రాదు. సిగ్గేసింది. పెద్దమ్మ మొదటి రెండు చరణాలూ గడగడా చెప్పి, మూడోదానిలో రెండో పాదం దగ్గర ఆగిపోయింది. ఆవిడ కళ్లు మూసుకుని బల్ల మీద తాళం వేస్తూ మిగిలినది సగం పట్టుకొచ్చింది. ఒక్క మాట మాత్రం ఇద్దరికీ తట్టలేదు. అక్కడ గీత గీసి వదిలేసింది. లోపల తని అయిపోయి చప్పట్లు వినిపించాయి. మేం ముగ్గురం మళ్లీ లోపలికి వెళ్లలేదు.

24న పొద్దున ఇంకాస్త టైముందని రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు గారు ప్రాణం విడిచిన ఇంటికి వెళ్లొచ్చాం. ఆయన పోయింది 1952లో, అకాడమీ కచేరీలు మొదలైన ఆ డిసెంబరు 15నే. అకాడమీకి ఆటోలో అయిదు నిమిషాల దూరం. ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదేంట్రా అని పెద్దమ్మ గొణిగింది.

తిరుగు రైల్లో సూళ్లూరుపేట దాటుతుండగా పెద్దమ్మ ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది. ఆ మాట తట్టింది. ఆవిడ నంబరు నా దగ్గరే ఉంది, కానీ అది ల్యాండ్‌లైను. చేస్తే మోగలేదు. విజయవాడ వచ్చాక కూడా రోజూ ఒకసారి చేస్తున్నాం. కోట్టూర్‌పురంలో ఆ లైన్లు ఇంకా బాగుచేసినట్టు లేదు.