యుగాంతం డాక్యుమెంటరీలు: గ్రాఫిక్స్‌కి ఫుల్ మార్కులు, లెక్కలకి గుండుసున్నా

2012 డిసెంబర్ 21న లోకం అంతమైపోతుందని ఊదరగొట్టిన టీవీ డాక్యుమెంటరీలు యూట్యూబ్‌లో ఇప్పటికీ దొరుకుతాయి. సరదాకి చూడొచ్చు గానీ, విషయం తెలుసుకుందామంటే టైమ్ దండగ.

మధ్య అమెరికాలోని ప్రాచీన మాయా జాతివాళ్ల క్యాలెండర్ ఆ రోజుతో ఆగిపోతుందన్నారు, అక్కడే పప్పులో కాలేశారు. 360 రోజులు ఒక తున్, 20 తున్‌లు ఒక కతున్, 20 కతున్‌లు ఒక బక్తున్, అంటే 1,44,000 రోజులు. ఆ తేదీకి నిండింది పదమూడో బక్తున్, అంతే. కారు మీటర్లో సున్నాలు పడితే ఇంజన్ పేలిపోదు కదా! పైగా మెక్సికోలోని పాలెంకే అనే పాత మాయా నగరపు శాసనంలో క్రీ.శ. 4772 నాటి తేదీ ఉంది. అది చూపిస్తే ఎపిసోడే ఉండదు మరి.

ఆ రోజు సూర్యుడు గెలాక్సీ మధ్యరేఖ (పాలపుంత నడిమధ్యగా ఊహించుకునే గీత) మీదికి వచ్చే సీన్ మరీ విడ్డూరం. ఏటా డిసెంబర్‌లో జరిగేదే అది. అయనాంత బిందువు (డిసెంబర్ 21 ప్రాంతంలో, పగలు అతి తక్కువగా ఉండే రోజున ఆకాశంలో సూర్యుడుండే చోటు) ఒక డిగ్రీ జరగడానికి దాదాపు 72 ఏళ్లు పడుతుంది, సూర్యబింబం వెడల్పేమో అర డిగ్రీ. అంటే అయనాంతం నాటి సూర్యబింబం ఆ రేఖని పూర్తిగా దాటడానికే సుమారు 36 ఏళ్లు. ఇక ఆ ఒక్కరోజు గొప్పేమిటి?

ఇక భూమిని ఢీకొడుతుందని ప్రచారం చేసిన నిబిరు అనే ఊహా గ్రహం మొదట 2003 మేలో రావాలన్నారు. రాలేదు, తేదీ మార్చారు.

చూసేవాళ్లు సౌండ్ తీసేసి, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. మ్యూజిక్ లేకపోతే మిగిలేవి "అయ్యుండొచ్చా?", "అంటున్నారు" లాంటి మాటలే.