పలచటి నోట్‌బుక్కు, వరంగల్ ఎండ: ఏ ఇంకు పెన్నులో ఏ ఇంకు మేలు?

ఇంకు పెన్ను కొనాలనుకునేవాళ్లు మొదట పెన్నుల గురించే అడుగుతారు. నేను మాత్రం ముందు వాళ్లు రాసే నోట్‌బుక్కు చూపించమంటాను. హనుమకొండలో, కాజీపేటలో కాలేజీ పిల్లలు కొనే లాంగ్ నోట్‌బుక్కుల్లో చాలావాటి కాగితం పలచన. బాల్ పెన్నుకు దానితో ఇబ్బంది లేదు. ఇంకు పెన్ను పెడితే మాత్రం అక్షరం అంచుల నుంచి సన్నటి పీచుల్లా ఇంకు పాకుతుంది, వెనక పేజీలోకి దిగుతుంది. కాగితం తయారీలో ఇంకు పీల్చకుండా కలిపే జిగురు పదార్థం తక్కువైతే ఇలాగే ఉంటుంది. 2014లో మూతపడ్డ కాగజ్‌నగర్ సిర్పూర్ మిల్లును 2018లో జేకే పేపర్ తీసుకుని మళ్లీ నడిపిస్తోంది. కాగితం తయారయ్యే ప్రాంతంలో ఉన్న మనం షాపులో ఒక పేజీ మీద గీత గీసి, వెనక్కి తిప్పి చూసి కొనుక్కోవడంలో తప్పేం లేదు.

రెండోది ఎండ. మే నెలలో 44 డిగ్రీల వేడి, పైన ఫుల్ స్పీడులో ఫ్యాను. మూత తీసి ఆలోచిస్తూ కూర్చుంటే పాళీ మీద ఇంకు ఆరిపోతుంది. పెన్ను ఎంత ఖరీదైనదైనా ఈ రెండు పరీక్షలూ తప్పవు.

నేను పక్కపక్కన పెట్టి చూసేవి మూడు పెన్నులు: రాజమండ్రి రత్నం లాంటి ఎబొనైట్ పెన్ను, జర్మనీ లామీ సఫారీ, జపాన్ ప్లాటినం ప్రెప్పీ.

రత్నం పెన్నుల మీద నాకు ప్రేమ ఎక్కువ, దాచను. పూర్తిగా స్వదేశీ పెన్ను చేసినందుకు 1935లో గాంధీజీ మెచ్చుకుంటూ ఉత్తరం రాసిన పెన్ను అది. ఎబొనైట్ అంటే గంధకంతో గట్టిపరిచిన రబ్బరు. చేతిలో వెచ్చగా ఉంటుంది, చెమటకు జారదు. ఇంకును ఫిల్లర్‌తో నేరుగా పెన్ను గొట్టంలోనే పోస్తాం కాబట్టి రెండు మిల్లీలీటర్ల దాకా పడుతుంది. కన్వర్టర్ అంటే పెన్ను లోపల బిగించే, సీసాలోంచి ఇంకు పీల్చుకునే చిన్న గొట్టం. మామూలు కన్వర్టర్‌లో పట్టేది ఒక మిల్లీలీటరు లోపే. ఇబ్బంది కూడా ఆ గొట్టంతోనే. ఇంకు సగానికి దిగాక పైన గాలి చేరుతుంది. చేతి వేడికి, బండి మీద మధ్యాహ్నం ఎండకు ఆ గాలి వ్యాకోచించి ఇంకును బయటికి తోస్తుంది, పెన్ను కక్కుతుంది. ఎప్పుడూ మూడొంతులు నిండుగా ఉంచుకుని, జేబులో పాళీ పైకి ఉండేలా పెట్టుకుంటే చాలావరకు తప్పుతుంది. ఇంట్లో బల్ల దగ్గర కూర్చుని రాసేవాళ్లకు దీన్ని మించింది లేదు. బస్సుల్లో తిరిగేవాళ్లకు నేను చెప్పను.

లామీ సఫారీ 1980 నుంచి వస్తోంది. మూడు పలకల పట్టు వేళ్లను సరైన చోట కూర్చోబెడుతుంది, ఇంకు ఎంత ఉందో చూసుకోవడానికి కిటికీ ఉంది, పాళీని ఎవరైనా లాగి మార్చుకోవచ్చు. గట్టి పెన్ను, అందులో సందేహం లేదు. కానీ పాళీ లావులో యూరప్ వాళ్ల ఫైన్ (సన్నది) అంటే జపాన్ వాళ్ల మీడియం దగ్గరికి వస్తుంది. తెలుగు అక్షరాలకు అది ముఖ్యం. గుణింతాలు, వత్తులు, తలకట్లు అన్నీ దగ్గర దగ్గరగా పడతాయి. గీత లావైతే ‘క్ష్మి’ లాంటివి ముద్దయిపోతాయి. పలచటి కాగితం మీద ఇంకా ఎక్కువ.

అందుకే నోట్సు రాసుకునే పిల్లలకు నా ఓటు ప్రెప్పీలో 0.3 అని రాసి ఉండే సన్న పాళీకి. సఫారీ ఒక్కదాని డబ్బుతో ఇవి నాలుగైనా వస్తాయి. సన్నటి గీత, మూత లోపల స్ప్రింగుతో బిగిసే మరో చిన్న మూత. నెలల తరబడి పక్కన పెట్టినా పాళీ ఆరిపోదు. మన ఎండకు ఇంతకన్నా ఏం కావాలి? ప్లాస్టిక్ పలచన, కింద పడితే బీట పడొచ్చు. దాని కన్వర్టర్ కొనడం కూడా దండగే, పెన్నుకు పెట్టినంతా దానికీ పెట్టాలి. మెడికల్ షాపులో సిరంజి తెచ్చుకుని పెన్నుతో ఇంకు నిండి వచ్చే చిన్న గొట్టాన్ని, అదే కార్ట్రిడ్జిని, ఖాళీ అయ్యాక మళ్లీ నింపుకుంటే సరిపోతుంది.

ఇంకుల్లో నేను పాటించేది ఒక్కటే. ధారాళంగా పారే పెన్నులో నెమ్మదైన ఇంకు, సన్నగా పారే పెన్నులో కాస్త చురుకైన ఇంకు. పెలికాన్ 4001 రాయల్ బ్లూ నెమ్మదైనది. సఫారీలో, ఎబొనైట్ పెన్నులో పోస్తే పాకడం బాగా తగ్గుతుంది. పైలట్ ఐరోషిజుకు రంగులు చాలా అందంగా ఉంటాయి, పాళీ నుంచి హాయిగా జారతాయి. మా అన్న కూతురు ఇంటర్ నోట్సులో ఐరోషిజుకులోని కోన్-పెకి నీలంతో రాసి, “బాబాయ్, రంగు మంచిగుంది గానీ వెనక పేజీ రాయనీకి వస్తలేదు” అంది. మంచి కాగితం ఉంటేనే ఆ ఇంకు జోలికి పోవాలి. దాని ఒక్క సీసా ధరకు కామ్లిన్ బుడ్లు డజన్లు వస్తాయి. కామ్లిన్ రాయల్ బ్లూ ప్రెప్పీలో చక్కగా నడుస్తుంది. మరక పడితే నీళ్లకు వదిలే ఇంకు కాబట్టి బడి చొక్కాలకు భయం లేదు. కోల్‌కతా సులేఖ కూడా వాడదగ్గదే. స్వదేశీ ఉద్యమ కాలంలో 1934లో పుట్టి, మూతపడి, 2020 తర్వాత మళ్లీ దొరుకుతోంది.

నీళ్లకు వదిలే ఇంకు వకీళ్లకు, దస్తావేజులు రాసేవాళ్లకు పనికిరాదు. వాళ్లకు పెలికాన్ 4001 బ్లూ-బ్లాక్ లాంటి ఇనుము కలిసిన ఇంకు మేలు. రాసేటప్పుడు నీలంగా ఉండి, గాలి తగిలాక నల్లబడి కాగితంలో ఇంకిపోతుంది. కరక్కాయ కషాయం మీద ఇనుప నీళ్లు పడితే నలుపు తేలడం కలంకారీ పనివాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. ఇక్కడ జరిగేదీ అదే రసాయనం. ఈ ఇంకులో ఆమ్ల గుణం ఉంటుంది, ఆరితే పాళీకి ఇంకు అందించే ఫీడ్ సందుల్లో గడ్డ కడుతుంది. రెండు మూడు వారాలకోసారి పాళీని మామూలు నీళ్లలో, రంగు పోయేదాకా కడగాలి. వేసవి సెలవులకు ఊరెళ్లేముందు పెన్ను ఖాళీ చేసి, ఆరబెట్టి వెళ్లాలి. బొమ్మలకు వాడే ఇండియన్ ఇంకు మాత్రం ఏ పెన్నులోనూ పోయొద్దు. అందులోని లక్క ఆరిపోతే పెన్ను ఇక బాగుపడటం కష్టం.